వానలు మొదలయ్యేలోపు కుక్కకి, పిల్లికి ఎమర్జెన్సీ బ్యాగ్ సర్దాలి, ఏం పెట్టాలో చెప్పండి (విజయవాడ)

సింగ్‌నగర్_మేడమీద:
నమస్తే అందరికీ. మాది సింగ్‌నగర్. ఇంట్లో ఒక నాటు కుక్క బ్రౌనీ (ఇరవై కేజీల దాకా ఉంటది), ఒక పిల్లి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు మా ఏరియా సంగతి మీ అందరికీ తెలిసిందే, కింద వాటా మొత్తం మునిగి పై వాటాలో ఉండిపోయాం, మనుషులకైతే డ్రోన్లతో పొట్లాలు అందాయి, వీటికి మాత్రం మా పులిహోరలోంచే తీసి పెట్టాల్సొచ్చింది, మధ్యలో బ్రౌనీ నీళ్ళలోకి దిగి కాలు రేకుకి కోసుకుంది, కరెంటు లేదు, డాక్టర్ దగ్గరికి దారి లేదు. ఈసారి ముందే రెడీగా ఉండాలనుకుంటున్నా. బ్యాగ్‌లో ఏం ఉండాలి, డాక్టర్ దొరికేలోపు మనం ఏం చెయ్యొచ్చు? ఇంట్లో పారాసిటమాల్ ఎప్పుడూ ఉంటది, నొప్పికి చిన్న ముక్క వెయ్యొచ్చా? పిల్లి అయితే దాన్ని తీసుకెళ్ళే బుట్ట కనపడగానే మంచం కిందకి దూరిపోద్ది, దానికేం చెయ్యాలో కూడా చెప్పండి ప్లీజ్.

గన్నవరం_వెటర్నరీ_స్టూడెంట్:
అన్నా, ముందు ఆ పారాసిటమాల్ సంగతి. పిల్లికి ఒక్క ముక్క కూడా వద్దు, దాని లివర్ ఆ మందుని విరగ్గొట్టలేదు, రక్తం ఆక్సిజన్ మొయ్యలేకుండా అయిపోద్ది, ఒక్క టాబ్లెట్‌తోనే చనిపోవచ్చు. కుక్కకి ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. డోస్ డాక్టర్ చెప్తేనే ఏదైనా. పిల్లి ఉన్న ఇంట్లో డెట్టాల్ కూడా దాని దగ్గరికి రానివ్వొద్దు, పిల్లులకి విషం.

రేకు కోసుకుంటే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, కనీసం అయిదు నిమిషాలు ఎత్తి చూడొద్దు, మనవాళ్ళు ఆత్రంగా ప్రతి పది సెకన్లకీ ఎత్తి చూస్తారు, గడ్డకట్టిన రక్తం ఊడొచ్చి మళ్ళీ మొదలవుద్ది. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి వెయ్యండి. రక్తం ఆగాక సెలైన్‌తో గానీ బాగా కాచి చల్లార్చిన నీళ్ళతో గానీ కడగండి, బెటాడిన్ నీళ్ళలో కలిపి లేత టీ రంగు వచ్చేలా చేసుకుని వాడండి, నేరుగా పొయ్యొద్దు. నొప్పిలో ఉంటే మన బ్రౌనీ అయినా కరుస్తది, అందుకే గాజ్ బ్యాండేజ్ (గాయాలకి కట్టే పలచటి గుడ్డ) ముక్కతో మూతి చుట్టూ ముడేసి చెవుల వెనక కట్టడం ముందే నేర్చుకోండి. వాంతులవుతున్నా, ఆయాసపడుతున్నా మాత్రం మూతి కట్టొద్దు.

బ్యాగ్‌లో: గాజ్ బ్యాండేజ్ రోల్స్, దూది, క్రేప్ బ్యాండేజ్, మొద్దుమొన కత్తెర, సూది తీసేసిన 10 ఎమ్‌ఎల్ సిరంజి, డిజిటల్ థర్మామీటర్, వాసెలిన్, పాత తువ్వాళ్ళు రెండు మూడు. థర్మామీటర్ మలద్వారంలో పెట్టాలి, కుక్కకి మామూలుగా 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటది, మన లెక్కతో చూసి జ్వరం అనుకోవద్దు.

భవానీపురం_పద్మక్క:
తమ్ముడూ, మందులు సరే, అసలు బ్యాగ్‌లో తిండి, కాగితాలు ఉండాలి. వారానికి సరిపడా తిండి గాలి చొరబడని డబ్బాలో, తాగే నీళ్ళు వేరేగా, వ్యాక్సిన్ కార్డు జిరాక్స్ ప్లాస్టిక్ కవర్లో, నువ్వూ అదీ కలిసి దిగిన ఫోటో. తప్పిపోతే అది మీదే అని చూపించడానికి ఆ ఫోటో చాలా ఉపయోగపడుద్ది. మెడ బెల్టు మీద ఫోన్ నంబర్ ఇప్పుడే కుట్టించు. బోటు వచ్చాక వెతుక్కోవడం కుదరదు, గుమ్మం పక్కన మేకుకి తాడు, మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) తగిలించి ఉంచు. వానల్లో కరెంటు మెయిన్ ఆపకుండా నీళ్ళలో ఉన్న కుక్కని పట్టుకోవడానికి దిగొద్దు, ఇది మాత్రం ఇంట్లో చిన్నపిల్లలకి కూడా చెప్పు.

ఇంకోటి, వ్యాక్సిన్ వేయించావా? వరద నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తది, కుక్కకి వస్తే మనకీ అంటొచ్చు. కుక్కల మిక్స్‌డ్ వ్యాక్సిన్లలో చాలావాటిలో అది ఉంటది, నీ డాక్టర్‌ని పేరుపెట్టి అడుగు. మొదటిసారి అయితే కొన్ని వారాల తేడాతో రెండు డోసులు కావాలి కాబట్టి వానలు పడ్డాక మొదలెడితే ఆలస్యమే.

గుంటూరు_అరండల్‌పేట:
మా గుంటూరులో వరద కంటే ఎండే భయం అండి. మే నెలలో మా పగ్ రొప్పడం చూస్తే నా గుండె ఆగినంత పని అవుద్ది. ఐస్ వెయ్యొద్దని విన్నా, నిజమేనా? ఇంకా, వానల్లో ఇళ్ళలోకి పాములొస్తాయి కదా, కరిస్తే పైన తాడు గట్టిగా బిగించి పసుపు పెట్టమంటారు మా ఊళ్ళో, అది చెప్పడం మర్చిపోయారు ఎవరూ.

గన్నవరం_వెటర్నరీ_స్టూడెంట్:
అండీ, తాడు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, పసుపు రాయొద్దు. తాడు కడితే రక్తం ఆగి కాలే పోవచ్చు. కుక్కని నడిపించకుండా ఎత్తుకుని, బెల్టు విప్పేసి (వాపు వస్తే మెడకి బిగుసుకుపోద్ది), వెంటనే తీసుకెళ్ళండి. మనుషులకి వాడే పాలీవాలెంట్ యాంటీవెనమే కుక్కలకీ వాడతారు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపొడ పాము నాలుగింటి విషాలకీ పనిచేస్తది, అందుకని పాముని పట్టుకోవడానికి వెంటపడి టైమ్ వేస్ట్ చెయ్యొద్దు.

ఎండదెబ్బకి: నీడలోకి తెచ్చి ముందు చల్లార్చండి, తర్వాత బండెక్కించండి. మామూలు పంపు నీళ్ళు పొట్ట, తొడల మధ్య, పాదాల మీద పోస్తూ ఫ్యాన్ పెట్టండి. ఐస్ అవసరం లేదు, నీళ్ళు, ఫ్యాన్ చాలు. తడి తువ్వాలు కప్పి వదిలెయ్యకండి, అదే వేడెక్కి దుప్పటిలా పనిచేస్తది. థర్మామీటర్‌లో 103 ఫారెన్‌హీట్‌కి దిగాక నీళ్ళు పొయ్యడం ఆపెయ్యండి, లేకపోతే మరీ చల్లబడిపోద్ది. పగ్ లాంటి చప్పిముక్కు జాతులకి ఊపిరితోనే వేడి పోవాలి, ముక్కు సరిపోదు, అందుకే వాటికి మధ్యాహ్నం నడక వద్దే వద్దు. చిగుళ్ళు చూస్తూ ఉండండి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి, తెల్లగానో నీలంగానో ఉండిపోతే ఇంట్లో ఇంక ఏమీ ప్రయత్నించకుండా బయల్దేరండి.

చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి ఎంత తిన్నా ఉప్పునీళ్ళు తాగించి కక్కించొద్దు, ఆ ఉప్పే ప్రాణం మీదకి తెస్తది. ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది రాసుకుని, కవర్ చేత్తో పట్టుకుని ఫోన్ చెయ్యండి. మా గన్నవరం ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీలో పెంపుడు జంతువులకి కూడా చూస్తారు, కానీ రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ మీ దగ్గర ఎక్కడుందో ఇప్పుడే కనుక్కుని నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి. 1962 నంబర్ సంచార పశువైద్య వాహనాలది, అది ఎక్కువగా పాడి పశువుల కోసం, మీ ఒక్క ప్లాన్ అదే అనుకోవద్దు.

సింగ్‌నగర్_మేడమీద:
చాలా థ్యాంక్స్ అండి అందరికీ, పారాసిటమాల్ సంగతి మా ఇంట్లో అందరికీ చెప్పేశా. లెప్టో కోసం రేపే వెళ్తున్నా. పిల్లి సంగతి ఇంకా తేలలేదు, పద్మక్కా నీకు పిల్లులున్నాయి కదా.

భవానీపురం_పద్మక్క:
బుట్టని అటక మీదనుంచి దించి హాల్లో మూలన తలుపు తెరిచి వదిలెయ్, నీ పాత చీరో లుంగీయో లోపల పరువు, రోజూ అన్నం దాని పక్కనే పెట్టి మెల్లిగా లోపలికి జరుపుతూ రా. కొన్ని వారాల్లో అదే లోపల పడుకోవడం మొదలెడుతుంది, తలుపు వెయ్యడం ఆ తర్వాత సంగతి. అప్పటిదాకా అవసరమొస్తే దిండు గలీబు, గుడ్డ పలచగా ఉన్నది, వెనక నుంచి పిల్లి మీదుగా వేసి, తలకిందులు కాకుండా లోపలికి దించి, గలీబు మూతి వదులుగా కట్టు, గాలి ఆడాలి. ప్లాస్టిక్ సంచి మాత్రం వద్దు.

సింగ్‌నగర్_మేడమీద:
సరే అక్కా, బుట్ట ఈ సాయంత్రమే దించుతా. గలీబు కూడా బ్యాగ్‌లో పెడుతున్నా.