మిద్దె తోట గ్రూప్‌కి ఫోరం పెట్టాలి, డిస్కోర్సా పీహెచ్‌పీబీబీనా?

అందరికీ నమస్తే అండి. మాది మిద్దె తోటలవాళ్ల వాట్సాప్ గ్రూప్, 1024 మంది నిండిపోయి ఇంకొకర్ని కలపడానికి లేదు. అసలు బాధ అది కూడా కాదు, మందారానికి పిండినల్లి పట్టింది ఏం కొట్టాలి అని వారానికి నాలుగుసార్లు అడుగుతారు, పోయిన నెల ఒకాయన వేపనూనె, కుంకుడు రసం ఎంతెంత కలపాలో ఫోటోలతో సహా పెట్టారు, అది కాస్తా గుడ్ మార్నింగుల కింద ఎక్కడో కూరుకుపోయింది. టెలిగ్రామ్‌లో జనం పడతారు గానీ గోల అదే కదా.

అందుకే పాత పోస్టులు వెతికితే దొరికేలా సొంతంగా ఒక ఫోరం వెబ్‌సైటు పెడదామని. ఫోరం నడిపే సాఫ్ట్‌వేర్లలో డిస్కోర్స్ నచ్చింది, ఫోన్‌లో బాగుంది, కానీ దానికి డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని ప్యాకేజీలా నడిపే టూల్), కనీసం 1 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (మనకంటూ విడిగా అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) కావాలంట, నాకున్నది ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునే మామూలు షేర్డ్ హోస్టింగ్. పీహెచ్‌పీబీబీకి పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఉంటే చాలు, కాకపోతే దాని వాలకం చూస్తే నాకే మా కాలేజీ రోజులు గుర్తొచ్చాయి, ఇక మా ఆంటీలు వాడతారా అని డౌటు. ఫ్లారమ్ అని ఇంకో ఫోరం సాఫ్ట్‌వేర్ ఈ రెండిటికీ మధ్యలో ఉన్నట్టుంది.

వాడినవాళ్లు చెప్పండి, తెలుగు సెర్చ్ ఎలా ఉంటది, పిండినల్లి అని కొడితే పిండినల్లికి అని రాసిన పోస్టు కూడా దొరుకుతుందా? మావాళ్లలో సగం మందికి మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుండదు, ఫోన్ ఓటీపీతో లాగిన్ పెట్టే దారి ఏమన్నా ఉందా? నెలకి వెయ్యి దాటకూడదు, జేబులోంచి పెట్టేది నేనే.