గీతాకోకచిలుక, గసడదవాదేశం: రిప్లేస్‌కి తెలుగులో ఏమనాలి?

బెంగళూరు మారతహళ్ళిలో కూర్చుని పిల్లల కథల యాప్ ఒకటి చేస్తున్నాం. మొన్న కథలో సీత పేరు గీతగా మార్చమన్నారు. యాప్ రాసే భాష జావాస్క్రిప్ట్‌లో, ఒక మాట తీసి ఇంకో మాట పెట్టే రిప్లేస్ వాడాను. మొదటి సీత గీత అయింది, మిగతా సీతలు అలాగే ఉన్నారు. మామూలు మాట ఇస్తే రిప్లేస్ మొదట దొరికినదాన్నే మారుస్తుంది, ఆ సంగతి మరిచాను. ఆ భాష 2021 ప్రమాణంలో చేరిన రిప్లేస్‌ఆల్ పెట్టేసరికి అన్నీ మారాయి. తోటలో గీతాకోకచిలుకలు ఎగిరాయి, బుట్టలోకి గీతాఫలాలు వచ్చాయి! మా టెస్టర్ కన్నడ అమ్మాయి, ఆమెకు తేడా తెలియలేదు పాపం.

అది నేను చూసుకుంటాను గానీ, యాప్ సహాయం పేజీలో ఈ పనికి ఏ మాట వాడాలి? 'మార్చు' అంటే ఎడిట్‌కీ అదే. 'భర్తీ' అంటే ఉద్యోగాల ప్రకటనలా ఉంది.

ఒకరు: లెక్కల పుస్తకాల్లో 'ప్రతిక్షేపించు' ఉందిగా?

నేను: ఉందండీ. అది చూస్తే నాకింకా పదో తరగతి టెన్షనే.

మాస్టారు: వ్యాకరణంలో ఎప్పటినుంచో ఉంది నాయనా, ఆదేశం. 'శత్రువదాదేశః, మిత్రవదాగమః' అంటారు. మా అమ్మ 'మాయమ్మ' అయితే యకారం స్నేహితుడిలా మధ్యలో వచ్చి కూర్చుంది, అది ఆగమం. వాడు కొట్టె 'వాడుగొట్టె' అయితే గకారం శత్రువులా కకారాన్ని లేపేసి దాని చోట కూర్చుంది. చిన్నయసూరి గసడదవాదేశ సూత్రం, అంటే క చ ట త ప ల చోట గ స డ ద వ లు రావడం, మీ కోడ్ లాంటిదే. కాకపోతే ఆయన 'బహుళంబుగా' అన్నాడు, అంటే కొన్నిచోట్ల అవుతుంది, కొన్నిచోట్ల కాదు.

నేను: భలే మాస్టారూ! కంప్యూటర్‌కి 'కొ' అంటే కకారం, పక్కన ఒత్వం గుర్తు. క తీసి గ పెడితే 'గొ' దానంతటదే వస్తుంది. నా తిప్పలూ అక్కడే: 'సీతా'లో ముందు 'సీత' ఉంది, ఆ వెనక దీర్ఘం. అందుకని 'సీత' వెనక గుణింతం గుర్తు ఉంటే ముట్టుకోవద్దని రాశాను. సీతకు, సీతతో మారాయి, చిలుక బతికింది. 'సీతేమో' మాత్రం చిక్కలేదు, సంధి కదా.

ఒక్క పేచీ. రిప్లేస్ పాత స్ట్రింగ్‌ని, అంటే పాత అక్షరాల వరుసని, ముట్టుకోదు, కొత్తది చేసి ఇస్తుంది. మీ శత్రువు అంత మర్యాదస్తుడు కాదే?

మాస్టారు: కాడు. పైగా ఈ రోజుల్లో ఆదేశం అంటే జనం హుకుం అనుకుంటారు. బటన్ మీద 'బదులు పెట్టు' అని రాయి, వివరణలో ఆదేశం వాడుకో. ఆ 'సీతేమో'ని మాత్రం చేత్తో దిద్దుకోవాలి.