ప్యాలెట్ల మీద కట్టెల మోపులు కట్టి పెట్టినా, బూజు పట్టేసింది, ఏం చేయాల?

పాకాల మామిడి:
అన్నలందరికీ నమస్కారం. మాది పాకాల పక్క పల్లె. కాపు తగ్గిపోయిన ముసలి మామిడి చెట్లు ఆగస్టు ఆఖర్లో కొట్టించినాం, కట్టెల మండీ వాళ్లు టన్నుకి చెప్పిన రేటు వింటే కడుపు మండిపోయింది, సరే నేనే చీల్పించి మోపులు కట్టి తిరుపతిలో హోటళ్లకి, వంట మాస్టర్లకి అమ్ముకుందాంలే అనుకున్నా. రేణిగుంట పక్క పాత సామాన్ల అంగట్లో ప్యాలెట్లు (గోడౌన్లలో సరుకు పేర్చే చెక్క పీటలు) తెచ్చి, 12 కిలోల మోపులు నైలాన్ తాడుతో కట్టి, ఒక్కో ప్యాలెట్ మీద 40 పేర్చి, వాన వస్తుందేమోనని ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టూ గట్టిగా చుట్టేసినా. చూడను బలే ఉన్నాయి. ఇప్పుడు లోపల్నించి నీళ్లు కారతా ఉండాయి, తెల్లగా బూజు, ఒకటే కంపు. చుట్టకుండా షెడ్లో పెట్టిన మోపులు కొన్ని ఒక హోటల్‌కి వేస్తే వాళ్లు కాటా పెట్టి 12 అని చెప్పి 9న్నర ఇస్తా ఉండావే అని అందరి ముందర అడిగినారు, తల కొట్టేసినట్టయింది. నేను మోసం చేయలేదు సామీ. వానలు మొదలయ్యే టైము, ఏం చేయాలో చెప్పండి.

అడితి మనిషి:
ముందు ఆ ఫిల్మ్ చింపెయ్ తమ్ముడూ, ఈరోజే. పచ్చికట్టెని చుట్టేస్తే అది గాలాడక ఉడికినట్టు ఉంటుంది, బూజు పట్టక ఏం చేస్తుంది. ఫిల్మ్ అనేది ఎండిన సరుకు బండెక్కించేటప్పుడు మోపులు జారకుండా చుట్టేదానికి, నిలవ పెట్టేదానికి కాదు.

తూకం సంగతి విను, అసలు దెబ్బ ఇక్కడే తగిలింది నీకు. అప్పుడే కొట్టిన కట్టెలో ఇంచుమించు సగం బరువు నీళ్లే. అంటే నీ 12 కిలోల మోపులో గట్టి కట్టె 6 కిలోలే అనుకో. ఇప్పుడు 9న్నర తూగిందంటే ఇంకా మూడున్నర కిలోల నీళ్లు దాంట్లోనే ఉండాయి, హోటలాయన తక్కువిచ్చినావని కొట్లాడినాడు గానీ నిజానికి ఆయనకి పచ్చికట్టే పోయింది. బాగా ఎండినాక నూటికి 20 పాళ్లు తేమ ఉంటుంది, అప్పుడా మోపు 7న్నర తూగుతుంది. టన్ను పచ్చికట్టె కొని ఎండబెడితే 625 కిలోలు. మండీ వాళ్లు తక్కువ రేటు ఎందుకు చెప్తారో ఇప్పుడు అర్థమైందా. (మేమేం ధర్మాత్ములం కాదులే, మా లాభం మేం చూసుకుంటాం.)

అందుకే ఎండకముందు మోపు కట్టకూడదు. ఎండేకొద్దీ కట్టె కుంచించుకుపోయి తాడు వదులైపోతుంది, ప్యాలెట్ కదిలిస్తే పేళ్లన్నీ కింద రాలతాయి. మొదట చీల్చిన పేళ్లని విడిగా ప్యాలెట్ మీద అడ్డం నిలువు పేర్చు, ప్యాలెట్‌కీ ప్యాలెట్‌కీ మధ్య ఒక అడుగు గాలి పోయేట్టు వదులు, పైన మాత్రం టార్పాలిన్ కప్పు, అర అడుగు బయటికి వేలాడాల, పక్కలు ఎప్పుడూ మూయొద్దు. ప్యాలెట్ కింద ఇటుకలో కడప బండ ముక్కలో వేసి ఎత్తు పెట్టు. మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలే కదా, 2021 నవంబర్‌లో మా షెడ్లో మోకాటి లోతు నీళ్లొచ్చినాయి, కింది రెండు వరసలు పొయ్యికి పనికిరాకుండా పోయినాయి. నేల మీద పెట్టినావంటే చెదలు కూడా, మామిడంటే వాటికి పండగే.

తేమ కొలిచే మీటర్ లేకపోయినా పర్లేదు. ఒక మోపుకి రంగు గుడ్డ కట్టి పెట్టుకో, వారానికొకసారి కాటా వెయ్. బరువు తగ్గడం ఆగిపోతే అప్పుడు అమ్ముకో. కిలో లెక్క వద్దు, మోపు ఇంత అని చెప్పు.

బిర్యానీ పొయ్యి:
ఆ హోటలాయన మాదిరే నేనూ కొనేవాణ్ణి కాబట్టి చెప్తా ఉండా, మాకు కిలోల కంటే పొగ రాకపోవడం ముఖ్యం. పచ్చికట్టె పెడితే కళ్లు మండి వంటోడు పని మానేసి పోతాడు. పొడుగు అడుగున్నర, లావు మణికట్టంత ఉంటే చాలు. మామిడి తొందరగా అంటుకుంటుంది గానీ నిప్పులు నిలబడవు, దమ్ముకి మాకు చింతే కావాల, చింతనిప్పులని ఊరికే అన్లేదు. నువ్వు రెండూ కలిపి ఇస్తే నిండా మంది తీసుకుంటారు. సవక (సరుగుడు) కట్టె కూడా అడుగుతారు.

గోడౌన్ పని:
ప్యాలెట్ల మీద కాల్చిన ముద్ర చూసుకో అన్నా. ఇంగ్లీషులో హెచ్‌టీ అని ఉంటే వేడి చేసింది, ఏం కాదు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పెట్టింది, విరిగిపోతే కట్టెలతో కలిపి పొయ్యిలో మాత్రం వెయ్యొద్దు, వంటకి అసలే వద్దు. ఇంకోటి, మోపులు తీసేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకో, సందుల్లో తేళ్లు, జెర్రులు కాపురం పెట్టేస్తాయి. నన్ను కుట్టింది కాబట్టి చెప్తున్నా.

చంద్రగిరి వాడు:
అందరూ ఎండబెట్టడం గురించే చెప్తా ఉండారు, కాయితాల సంగతి అడగలేదే ఎవరూ? వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం 2002 కింద చెట్టు కొట్టేదానికి పర్మిషన్ ఉండాల, కొన్ని రకాలకి మినహాయింపు ఉంది. నీది సొంత తోటే అయినా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి పోయి మామిడికి, చింతకి, సవకకి ఏమేం కావాలో విడివిడిగా కనుక్కో, బండి కట్టేముందు ఆ కాయితం, పొలం పాస్‌బుక్ జిరాక్స్ డ్రైవర్ చేతికివ్వు. ఎర్రచందనం గొడవ వల్ల మన పక్క కట్టెల బండి కనపడితే ఆపకుండా వదలరు. రాత్రిపూట అసలు తోలొద్దు.

పాకాల మామిడి:
థ్యాంక్స్ అన్నా అందరికీ. ఫిల్మ్ అంతా పీకేసినాం, మోపులు ఇప్పదీస్తా ఉంటే మా నాయన కట్టినప్పుడు కూలి, ఇప్పేదానికి కూలి అని పొద్దున్నించి ఒకటే తిట్లు. బూజు పట్టినవి వేరే పెట్టినా. ప్యాలెట్లలో మూడింటి మీద ఎంబీ ఉంది, అవి పక్కకి తీసినా. హోటలాయనకి ఫోన్ చేసి నీళ్ల లెక్క చెప్తే మొదట నమ్మలేదు, ఎండినాక ఒక మోపు ఊరికే పంపించు చూస్తా అన్నాడు. షెడ్లో మోపు ఒకదానికి ఎర్ర గుడ్డ కట్టి గోడ మీద సుద్దముక్కతో రాసినా, ఈరోజు 9 కిలోల 400. వచ్చే ఆదివారం మళ్లీ కాటా వేసి చెప్తా.