వేప మొద్దుతో చెక్కిన గొర్రె చీలిపోతోంది, చెవులు నిలవడం లేదు

నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. లైన్‌మన్‌గా రిటైరయ్యాను. అంతవరకు ఉలి పట్టినవాణ్ణి కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి ఇంటిముందు వేపచెట్టు కూలిపోతే, పొయ్యిలో పెట్టడానికి మనసొప్పక మొద్దులు దాచాను. అట్టా మొదలైంది. చెక్కేదల్లా గొర్రెలే. మా నాన్న మంద మేపేవాడు, అవి కళ్ళు మూసుకున్నా కనబడతాయి. మా నెల్లూరు గొర్రెల్లో జోడిపి అనే రకానికి కళ్ళ చుట్టూ, మూతి దగ్గర ఉండే నలుపును సోల్డరింగ్ ఐరన్‌తో కాలుస్తాను. రంగు పూస్తే తిరునాళ్ళ బొమ్మలా ఉంటుంది, నాకు నచ్చదు. ఒళ్ళంతా గోధుమరంగుండే దొర రకం గొర్రెకి ఆ పనే లేదు, వేప చేవ రంగే సరిపోతుంది.

మెడ నుంచి పొట్ట దాకా చీలిక వస్తోంది, రోజురోజుకీ పెరుగుతోంది. మన గొర్రెకి చెవులు వేలాడాలి కదా, అవేమో చెక్కుతుండగానే టక్కున విరుగుతున్నాయి. మొద్దును పడుకోబెట్టి, తల ఒక కొసకి, తోక ఇంకో కొసకి వచ్చేట్టు చెక్కుతున్నా. మా ఆవిడ చెవుల్లేని గొర్రెలన్నీ అటకెక్కించింది. ఏం చేయాలి?

ఆత్మకూరు వడ్రంగి: అన్నా, మొద్దు నిలబెట్టి చెక్కు. నార పొడుగునా ఉంటేనే పలచని చోట బలం. నిలబెడితే కాళ్ళు, వేలాడే చెవులు నార వెంటే వస్తాయి. మూతి అడ్డం పడుతుంది గానీ అది లావుగానే ఉంటుంది, విరగదు. చీలిక సంగతి వేరు. చెక్క ఆరేటప్పుడు వలయాల వెంట ముడుచుకునేది, నడిమి నుంచి బెరడు వైపు ముడుచుకునేదానికి ఇంచుమించు రెట్టింపు. అందుకే గుండ్రటి మొద్దు ఎక్కడో ఒకచోట పగులుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే నడిమికి రెండుగా చీల్చి, కొసలకి మైనమో, మిగిలిపోయిన పెయింటో పూసి నీడన పెట్టాలి. ఎండలో పెట్టావంటే అంతే సంగతులు.

ఉదయగిరి అమ్మాయి: అంకుల్, మా ఇంట్లో చెక్క స్పూన్లు, ఫోర్కులు చేస్తారు. ఫోర్కు పళ్ళ లాంటి సన్నటి చోట మా అమ్మ ఉలి పెట్టదు, ఆకురాయితోనే అరగదీస్తుంది. చెవి కొసలకి అదే చేయండి. చీలికను రంపపు పొట్టుతో ఇప్పుడే పూడ్చకండి. చెక్క ఇంకా ఆరుతూనే ఉంటే ఆ పూత పక్కనే మళ్ళీ సందు పడుతుంది.

మరొకరు: వెలిగొండల్లో ఎర్రచందనం ఉందిగా, దాంతో చేస్తే పోలా?

ఆత్మకూరు వడ్రంగి: బెయిలు కూడా నువ్వే ఇప్పిస్తావా తమ్ముడూ?

అడిగినాయన: నిలబెట్టి చెక్కితే చెవులు ఇంత సుళువుగా వస్తాయని నాకెవరూ చెప్పలా. ఒక మొద్దు గీత గీసి సిద్ధం చేశా. బాగా ఆరిన చెక్క కావాలంటే యాడ దొరుకుతుంది?

ఆత్మకూరు వడ్రంగి: పాత మిద్దెలు పడగొట్టే చోట అడుగు, దూలం ముక్కలు ఇస్తారు. ఏళ్ళ తరబడి ఆరి ఉంటాయి. లోపల మేకులు ఉంటాయి, అయస్కాంతం పెట్టి చూసుకో, లేకపోతే ఉలి మొన పోతుంది.