‘నెబ్రాస్కా’ లాంటి ఎకో పెడితే పాటలో మాటలు మునిగిపోతున్నాయి, సాయం చేయండి

అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో, అద్దె ఇంట్లో, టియాక్ నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద రెండు ఎస్ఎం57 మైకులతో ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ చేశారు. మిక్సింగ్‌లో ఎకోప్లెక్స్ (టేప్‌తో ఎకో ఇచ్చే యంత్రం) వాడారు. తర్వాత బ్యాండ్‌తో స్టూడియోలో ప్రయత్నించినా చివరికి ఆ క్యాసెట్‌నే విడుదల చేశారు. బస్సు డ్రైవర్‌గా కూడా పనిచేసిన వ్యక్తి కొడుకైన స్ప్రింగ్‌స్టీన్ రాసిన ఆ కష్టజీవుల పాటలకు ఆ గరుకు శబ్దమే ప్రాణం అనిపిస్తుంది నాకు.

నా దగ్గర ఒక ఎస్ఎం57, అకౌస్టిక్ గిటార్, ల్యాప్‌టాప్‌లో టేప్ ఎకో ప్లగిన్ ఉన్నాయి. గొంతు, గిటార్ విడివిడిగా రికార్డు చేశాను. టెంపో నిమిషానికి 96 బీట్లు. మొత్తం మిక్స్ మీద ఎకో ఆలస్యం 130 మిల్లీసెకన్లు, ఫీడ్‌బ్యాక్ (ఎకో మళ్లీ మళ్లీ వినపడే మోతాదు) 20 శాతం పెడితే స్ట్రమ్మింగ్ రెట్టింపై పదాల చివర్లు వినపడటం లేదు. 90కి తగ్గిస్తే రేకు డబ్బాలో పాడినట్టుంది. 250కి పెంచితే తాళం చిక్కుపడుతోంది. ఎకోలో 200 హెర్ట్జ్ కింద కోసేశాను. గుమ్మనే మోత తగ్గింది గానీ మాటలు తేలలేదు. గొంతుకి మాత్రమే ఎకో పెడితే మాటలు స్పష్టమే, కానీ గిటార్ పక్కగదిలో మోగుతున్నట్టుంది.

గొంతు, గిటార్ ఒకే గదిలో ఉన్నట్టు వినిపిస్తూ మాటలు స్పష్టంగా ఉండాలంటే, గొంతుతో పోలిస్తే గిటార్‌ను ఎకోకి ఎంత తక్కువగా పంపాలి?