సుబారు పాత కారు కొనాలి: 2008 అవుట్‌బ్యాకా, 2014 ఫారెస్టరా?

అడిగినవారు: కొలరాడో కొత్తకాపురం

అందరికీ నమస్కారం. డెన్వర్‌కి మారాం. ఇక్కడ ఏ వీధి చూసినా సుబారులే. మేమూ రెండు చూసి పెట్టుకున్నాం.

ఒకటి 2008 అవుట్‌బ్యాక్ 2.5, నాలుగు గేర్ల ఆటోమేటిక్, 1,42,000 మైళ్ళు. హెడ్ గ్యాస్కెట్లు (సిలిండర్లున్న బ్లాకుకూ, వాటిని మూసే హెడ్‌కూ మధ్య లీకు రాకుండా వేసే పొరలు) మార్చామంటున్నారు, బిల్లు మాత్రం ఇంకా చూపించలేదు. రెండోది 2014 ఫారెస్టర్ 2.5, సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్), 1,08,000 మైళ్ళు, ఒకే యజమాని.

ఒకరు "సుబారు అంటే హెడ్ గ్యాస్కెట్ పోయే బండి" అంటారు, ఇంకొకరు "మంచులో దీన్ని మించింది లేదు" అంటారు. రెండిట్లో ఏది నిజం? చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏమేం చూడాలి? అసలీ కంపెనీకి ఇంత అభిమానం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలిస్తే చెప్పండి.

జవాబు: బాక్సర్ ఇంజను

రెండూ నిజమేనండీ. రెండిటికీ మూలం ఒకటే, ఇంజను పడుకుని ఉండటం.

మామూలు కారులో సిలిండర్లు నిలబడి ఉంటాయి. సుబారులో కుడివైపు రెండు, ఎడమవైపు రెండు అడ్డంగా పడుకుని ఉంటాయి. ఎదురెదురు పిస్టన్లు ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదులుతాయి కాబట్టి ఒకదాని అదురును మరొకటి చాలావరకు మింగేస్తుంది. బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. ఇంజను, గేర్‌బాక్స్, వెనక్కి వెళ్ళే షాఫ్ట్ మూడూ కారు మధ్యగీత మీద వరసగా ఉంటాయి. అందుకే వెనక చక్రాలకు శక్తి పంపడానికి పెద్ద మలుపులేమీ అక్కర్లేదు, ఆ గీతను వెనక్కి పొడిగిస్తే చాలు. నాలుగు చక్రాల డ్రైవ్‌ను సుబారు ఖరీదైన అదనంగా కాక మామూలు కుటుంబం కారులోనే ఇవ్వగలిగిందంటే కారణం ఈ అమరికే.

ఇక నష్టం సంగతి. హెడ్, బ్లాకు కలిసే అతుకు పక్కకు తిరిగి ఉంటుంది. ఇంజను ఆపాక నూనె, కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఆ గ్యాస్కెట్ అడుగు అంచు దగ్గరే నిలుస్తాయి. పాత 2.5 ఇంజన్లలో వేసిన గ్యాస్కెట్ ఏళ్ళు గడిచేకొద్దీ సరిగ్గా అక్కడే చెమర్చడం మొదలుపెడుతుంది. పైగా హెడ్లు రెండు కాబట్టి పనీ రెండింతలు. చాలామంది మెకానిక్‌లు ఇంజనును కిందికి దించే చేస్తారు.

మీ 2008 అవుట్‌బ్యాక్‌లో ఉన్నది ఈజే253 అనే ఇంజను. ఇందులో లీకు ఎక్కువగా బయటికే, అంటే నూనె మరకగా, కూలెంట్ మరకగా కనిపిస్తుంది. 1990ల చివర వచ్చిన ఈజే25డీ వేరు. దాంట్లో మంట గ్యాసు లోపలే కూలెంట్‌లోకి దూరి కారు హఠాత్తుగా వేడెక్కేది. జనం రెండిటినీ కలిపేసి మాట్లాడతారు. బయటి చెమర్పు నెమ్మదిగా ముదిరే జబ్బు, చూసి పట్టుకోవచ్చు. లోపలి లీకు అలా కాదు.

జవాబు: నూనెచేతులు

అవుట్‌బ్యాక్ చూడ్డానికి వెళ్తే ఇలా చేయండి.

ముందురోజే అమ్మేవారికి చెప్పండి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని. చల్లగా ఉండగానే కూలెంట్ రిజర్వాయర్ మూత తీసి టార్చి వేసి చూడండి. లోపల నల్లటి జిడ్డు పొర, పొగగొట్టం వాసన ఉంటే ఆ కారు వదిలేయండి. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడు తప్ప ముట్టుకోకండి.

తర్వాత కనీసం అరగంట నడపండి, అందులో ఒక ఎత్తు రోడ్డు ఉండాలి. లోపలి లీకు బరువు లాగేటప్పుడే బయటపడుతుంది, ఇంటి ముందు పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే ఏమీ తెలియదు. తిరిగొచ్చి ఇంజను నడుస్తుండగానే రిజర్వాయర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నాయేమో చూడండి. అనుమానంగా ఉంటే కంబశ్చన్ లీక్ టెస్టర్ వాడాలి. అందులోని నీలం ద్రవం పసుపుకు తిరిగిందంటే మంట గ్యాసు కూలెంట్‌లో కలుస్తున్నట్టే. ఆటో పార్ట్స్ దుకాణాల్లో కిట్ దొరుకుతుంది.

ఇక కింద. ప్లాస్టిక్ షీల్డు తీయించి, చిన్న అద్దంతో హెడ్, బ్లాకు కలిసే అడుగు గీతను రెండువైపులా చూడాలి. డ్రైవర్ వైపు వెనక మూల ఇంకా జాగ్రత్తగా. ఇక్కడే చాలామంది పొరబడతారు. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారినా నూనె అక్కడికే జారి, ఎగ్జాస్ట్ మీద పడి మాడు వాసన వస్తుంది. అది చిన్న ఖర్చు. తడి ఇంజను బయటి అంచున మొదలైతే వాల్వ్ కవర్, బ్లాకు వైపు అతుకులో మొదలైతే హెడ్ గ్యాస్కెట్. తేలకపోతే నూనెలో యూవీ దీపం కింద మెరిసే రంగు వేసి కొన్ని రోజులు నడిపి ఆ దీపంతో చూస్తారు.

ఇంజను అడుగు కొత్త గిన్నెలా మెరిసిపోతుంటే సంతోషించకండి. ఈ వయసు బండికి నిన్ననే ప్రెషర్ వాష్ ఎందుకు చేయించారో అడగండి.

బిల్లు చూపిస్తే అందులో మూడు విషయాలు వెతకండి: గ్యాస్కెట్లు బహుళపొరల స్టీలువి వేశారా, హెడ్లను మెషిన్ షాపులో సమంగా చేయించారా, రెండువైపులా మార్చారా. ఒక్క వైపే మార్చిన పని సగం పని. హెడ్లు సమం చేయకుండా కొత్త గ్యాస్కెట్ పెడితే మళ్ళీ అక్కడే కారుతుంది.

జవాబు: మంచుదారి

పైదానికి రెండు మాటలు కలుపుతాను.

ఒకటి, టైమింగ్ బెల్ట్, అంటే వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే బెల్ట్. ఈజే253కి 1,05,000 మైళ్ళు లేదా 105 నెలలు, ఏది ముందైతే అది. ఈ కారుకు మైళ్ళ లెక్కన ఒకసారి, ఏళ్ళ లెక్కన మరోసారి అయ్యుండాలి. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బెల్ట్ ఒక్కటే మార్చాం అంటే చాలదు. టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు, వాటర్ పంప్ కూడా కలిపి మార్చాలి. చాలాసార్లు ముందు చచ్చేది బెల్ట్ కాదు, బేరింగ్ పోయిన పుల్లీ. హెడ్ గ్యాస్కెట్ పనిలో బెల్ట్ ఎలాగూ విప్పాల్సిందే కాబట్టి అదే బిల్లులో ఇవన్నీ ఉండాలి. లేకపోతే ఆ పని పొదుపుగా చేయించారని అర్థం.

రెండు, కూలెంట్. ఈ ఇంజన్లలో గాలి ఇరుక్కుంటుంది. రేడియేటర్ పైభాగాన ప్యాసింజర్ వైపున్న గాలి స్క్రూ వదులు చేసి నెమ్మదిగా నింపాలి. తొందరగా పోసేస్తే గాలి బుడగ మిగిలి వేడి చూపే ముల్లు పైకి ఎక్కుతుంది, బాగున్న గ్యాస్కెట్‌నే అనుమానిస్తారు. ఈజే25 కూలెంట్ మార్చినప్పుడల్లా సుబారు వారి కూలెంట్ కండిషనర్ సీసా కూడా పోయాలి, మరవొద్దు.

అడిగినవారు: కొలరాడో కొత్తకాపురం

చాలా ఉపయోగపడింది. మరి ఫారెస్టర్ సంగతి? బెల్ట్ లేదు, గొడవ లేదు అంటున్నారు.

జవాబు: నూనెచేతులు

బెల్ట్ గొడవ లేదు, నిజమే. 2014 ఫారెస్టర్‌లో ఉన్నది ఎఫ్‌బీ25 ఇంజను, దానికి బెల్ట్ బదులు టైమింగ్ చెయిన్. హెడ్ గ్యాస్కెట్ భయమూ చాలా తగ్గింది. కానీ వేరే రెండు ఉన్నాయి.

మొదటిది నూనె తాగడం. 2011-14 ఫారెస్టర్ 2.5, 2013 అవుట్‌బ్యాక్ 2.5 లాంటి వాటి మీద అమెరికాలో యజమానులందరి తరఫున క్లాస్ యాక్షన్ కేసు నడిచి, రాజీలో వారంటీని 8 ఏళ్ళు లేదా 1,00,000 మైళ్ళకు పొడిగించారు. మీరు చూస్తున్న కారుకు ఆ గడువు దాటింది కాబట్టి ఇప్పుడు ఖర్చు మీదే. నూనె మార్చిన తేదీ, అప్పటి మైళ్ళు అడగండి. తెల్లారి చల్లగా, చదునైన చోట డిప్‌స్టిక్ (నూనె మట్టం చూపే పుల్ల) చూడండి. నడిపిన వెంటనే చూస్తే ఈ ఇంజన్లలో రెండువైపులా రెండు రకాలుగా చూపిస్తుంది. పై గీతకూ కింది గీతకూ మధ్య దాదాపు ఒక క్వార్టు (లీటరుకు కొంచెం తక్కువ). మార్చి రెండు వేల మైళ్ళు కూడా కాకుండానే కింది గీతకు చేరితే ఆ కారు నూనె తాగుతోంది. కొన్నాక ఖాయం చేసుకోవాలంటే కొత్త నూనె పై గీత దాకా పోసి 1200 మైళ్ళు నడిపి మళ్ళీ కొలవాలి. డీలర్లు చేసే పరీక్షా అదే.

నూనె తాగే ఇంజను వెంటనే చచ్చిపోదు. పట్టించుకోని యజమాని చేతిలో చస్తుంది. పోయాల్సిన నూనె 0డబ్ల్యూ-20 సింథటిక్, ఫిల్టర్‌తో కలిపి 5.1 క్వార్టులు. ఫిల్టర్ పైనే గిన్నె లాంటి చోట ఉంటుంది. ముందు పావు తిప్పు వదులు చేసి రెండు నిమిషాలు ఆగితే నూనె లోపలికి దిగిపోతుంది, చిందదు.

రెండోది సీవీటీ. దీని వారంటీని కొన్ని ఏళ్ళ మోడళ్ళకు 10 ఏళ్ళు లేదా 1,00,000 మైళ్ళకు పెంచారు, ఈ కారుకు అదీ అయిపోయినట్టే. హైవే వేగం నుంచి సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు ఇంజను గింజుకుని ఆగిపోబోతుంటే ఇంజనును గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్ లాకప్ సరిగ్గా విడవడం లేదన్నమాట, సాధారణంగా వాల్వ్ బాడీ పని. కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే స్కానర్‌లో పీ2764 కోడు వస్తే అదే. స్కానర్ తప్పక తీసుకెళ్ళండి, కోడ్లే కాదు రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) కూడా చూడండి. అవి చాలావరకు "నాట్ రెడీ" అని ఉంటే కోడ్లు ఈమధ్యే చెరిపారనో, బ్యాటరీ తీశారనో అనుమానించాలి.

జవాబు: బాక్సర్ ఇంజను

నూనె మార్చుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక, ఇది చాలా బళ్ళను చంపింది. సుబారు ఆటోమేటిక్‌లలో ముందు డిఫరెన్షియల్ (రెండు ముందు చక్రాలకు శక్తి పంచే గేర్లు, పొట్టిగా డిఫ్) గేర్‌బాక్స్‌తో ఒకే ఒరలో ఉన్నా దాని నూనె వేరు, డ్రెయిన్ ప్లగ్ వేరు. అంటే కింద పడుకుని చూస్తే ఇంజను ప్లగ్, గేర్‌బాక్స్ ప్లగ్, డిఫ్ ప్లగ్ మూడూ కనిపిస్తాయి. త్వరగా నూనె మార్చే షాపుల్లో పొరపాటున సీవీటీ ద్రవం దింపేసి, ఇంజనులో ఉన్న ఐదు క్వార్టుల మీద ఇంకో ఐదు పోస్తారు. బయటికి తెచ్చాక డిప్‌స్టిక్ పై గీత దాటి ఉంటే స్టార్ట్ చేయకండి, అక్కడే ఆపేయండి. డిఫ్ ప్లగ్‌కు టీ-70 టార్క్స్ బిట్ పడుతుంది, పోసేది 75డబ్ల్యూ-90 జీఎల్-5. సీవీటీ ద్రవం మట్టం ఇంజను నడుస్తుండగా, ద్రవం 35 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడే చూడాలి. థర్మామీటర్ లేకుండా అంచనాగా చేసే పని కాదు.

జవాబు: మంచుదారి

టైర్లు! రెండు కార్లకూ ఇదే ముఖ్యం, ఎవరూ చెప్పలేదు.

నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే అరుగుదల ఉండాలి. చుట్టుకొలతలో తేడా పావు అంగుళం మించకూడదు. లెక్క వేస్తే ట్రెడ్ (టైరు గాడుల) లోతులో అది అంగుళంలో 32వ వంతు కంటే కొంచెమే ఎక్కువ. ఒక్క కొత్త టైరు, మూడు అరిగినవి వేస్తే ముందు, వెనక షాఫ్టులు ఎప్పుడూ వేరువేరు వేగాల్లో తిరుగుతుంటాయి, ఆ తేడానంతా మధ్యలోని క్లచ్ ప్లేట్లు రాసుకుని భరించాలి. ఒక్క టైరే పాడైతే కొత్తదాన్ని మిగతావాటి మట్టానికి చెక్కించి పంపే అమ్మకందార్లున్నారు, నాలుగూ కొనడం కంటే చవక.

అవుట్‌బ్యాక్‌లో పరీక్ష: బండి బాగా వేడెక్కాక ఖాళీ పార్కింగ్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి. వెనక చక్రాలు పట్టేసినట్టు కుదుపులు వస్తే టార్క్ బైండ్. ఆ కారులో హుడ్ కింద ఎఫ్‌డబ్ల్యూడీ (ముందు చక్రాల డ్రైవ్) అని రాసిన ఖాళీ ఫ్యూజ్ చోటు ఉంటుంది. చిన్న స్పేర్ చక్రం వేసుకున్నప్పుడు ముందు చక్రాలే తిరగడానికి అందులో ఫ్యూజ్ పెట్టాలి. అమ్మేవాళ్ళు బైండ్ దాచడానికి దాన్ని పెట్టి ఉంచారేమో చూడండి, డ్యాష్ మీద ఎఫ్‌డబ్ల్యూడీ దీపం వెలుగుతుంటుంది. బండి ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి, రెండు చక్రాలు నేల మీద ఉంచి లాగనివ్వకండి.

ఇంకొకటి. కొండల్లోకి వెళ్ళే ఐ-70 హైవే మీద డాట్సెరో, మోరిసన్ మధ్య సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా ట్రాక్షన్ (టైర్ల పట్టు) నియమం ఉంటుంది. ఆల్‌వీల్ డ్రైవ్ ఉన్నా టైరు ట్రెడ్ కనీసం 3/16 అంగుళం ఉండాలి. నాలుగు చక్రాలు తోయడం బండి కదలడానికే సాయం, ఆగడానికి కాదు. ఆపేది టైరే.

జవాబు: కృత్తిక

చరిత్ర అడిగారు కదా, మన ఆకాశంలో నుంచే మొదలుపెట్టొచ్చు. జపనీస్‌లో సుబారు అంటే కృత్తికా నక్షత్రమే. కార్తీక మాసానికి పేరిచ్చిన గుంపు, పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచేది. "ఒకచోట చేరడం" అనే అర్థమూ ఆ మాటలో ఉంది.

1917లో నకజిమా చికుహేయి మొదలుపెట్టిన విమానాల కంపెనీ దీని మూలం. గున్మా ప్రాంతంలోని ఓటా దాని ఊరు. హయబుసా యుద్ధవిమానం వాళ్ళదే. యుద్ధం ఓడాక విమానాలు చేయడం నిషేధం, కంపెనీని ముక్కలు చేశారు. 1946లో విమానాల తోకచక్రాలు వాడి రాబిట్ అనే స్కూటర్ చేశారు. 1953లో ఐదు ముక్కలు కలిసి ఫుజి హెవీ ఇండస్ట్రీస్ అయ్యాయి. ముద్రలో పెద్ద నక్షత్రం కొత్త కంపెనీ, చిన్నవి ఐదూ కలిసినవి. కారుకు సుబారు అని పేరు పెట్టింది మొదటి అధ్యక్షుడు కితా కెంజి. కంపెనీ పేరునే సుబారుగా మార్చింది మాత్రం 2017లో.

1958లో 356 సీసీ సుబారు 360 జనానికి అందిన మొదటి కారు. 1966లో సుబారు 1000తో పడుకున్న ఇంజను వచ్చింది. నాలుగు చక్రాల డ్రైవ్ కథ వేరే చోట మొదలైంది. జపాన్ ఈశాన్యంలో మంచుకొండల్లో తీగలు కాపలా కాసే తొహోకు విద్యుత్ కంపెనీకి జీపు కంటే సుఖంగా, కప్పు కింద కూర్చుని వెళ్ళే బండి కావాలి. ఆ అవసరం నుంచే 1972 లియోన్ వ్యాన్ పుట్టింది. ఉద్యోగానికి వెళ్ళే మామూలు కారు, కాకపోతే మంచులో ఇరుక్కుపోదు. కొలరాడోకు నచ్చినదీ సరిగ్గా అదే.

ఇండియాలో సుబారు పేరుతో అమ్మలేదు గానీ, 2000ల మొదట్లో షెవర్లే ఫారెస్టర్ అని తిరిగిన బండి ఇదే ఫారెస్టర్.

అడిగినవారు: కొలరాడో కొత్తకాపురం

అందరికీ ధన్యవాదాలు. మీరైతే ఏది తీసుకుంటారు?

జవాబు: నూనెచేతులు

గ్యాస్కెట్, బెల్ట్ బిల్లు మైళ్ళతో సహా చూపిస్తే అవుట్‌బ్యాక్. దాని నాలుగు గేర్ల ఆటోమేటిక్ మొండిది, ఇంకా చాలా దూరం వస్తుంది. బిల్లు లేకపోతే ఆ పని జరగలేదనే లెక్కేయండి, ఖర్చు రెండు వేల డాలర్లు దాటుతుంది, అంత ధర తగ్గించమనండి.

జవాబు: బాక్సర్ ఇంజను

నేను ఒప్పుకోనండీ. పిల్లలతో వెళ్ళే కుటుంబమైతే నూనె లెక్క సరిగ్గా ఉన్న ఫారెస్టరే తీసుకోవాలి. అవుట్‌బ్యాక్ వయసుకు సస్పెన్షన్ బుష్‌లు, వీల్ బేరింగ్లు, బ్రేక్ పైపులు వరసగా అడుగుతాయి. ఇక్కడ రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడ్ వాటిని తినేస్తుంది. అవుట్‌బ్యాకే అనుకుంటే వెనక సబ్‌ఫ్రేమ్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, పొరలు రాలితే వద్దు.

ఏదైనా సరే, వీఐఎన్ (కారు గుర్తింపు) నంబరు ప్రభుత్వ రీకాల్ సైటులో కొట్టి, లోపమున్న తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ ఉంటే మార్చారో లేదో చూడండి, మార్చకపోతే డీలర్ దగ్గర ఉచితం. డబ్బు ఇచ్చే ముందు సుబారు తెలిసిన విడి మెకానిక్‌తో లిఫ్ట్ మీద చూపించండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే రెండో కారు ఉండనే ఉంది.