టీ జెల్లీ పుటుక్కున విరగకుండా ఎలా చేయాలి?

ఐస్‌డ్ టీలోకి, ఫలూదాలోకి ఇంట్లోనే టీ జెల్లీ చేస్తున్నాను. మా ఇంట్లో జెలటిన్ ముట్టరు కాబట్టి చైనా గ్రాసే (సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్) దిక్కు. అర లీటరు డికాక్షన్‌లో 5 గ్రాముల పొడి వేసి, పూర్తిగా కరిగేదాకా మరిగించి పళ్లెంలో పోస్తే ఫ్రిజ్ లేకుండానే గట్టిపడుతోంది. రంగు, వాసన భేష్. కానీ చాకు పెడితే పుటుక్కున విరుగుతోంది, మర్నాటికి ముక్కల చుట్టూ నీరు ఊరుతోంది. నాకు స్ట్రాలో జారేలా, నమిలితే కాస్త సాగేలా కావాలి. పొడి తగ్గిస్తే చాలా, లేక క్యారజీనన్ (ఇదీ నాచు నుంచి తీసే, జెల్లీ కట్టించే పొడే) లాంటిదేమైనా కలపాలా? కలిపితే ఎంత? నిమ్మరసంతో మరిగిస్తే సరిగా బిగుసుకోదు కదా, దింపాక పిండితే ఫర్వాలేదా? చిక్కటి ఇరానీ చాయ్‌తో ఎవరైనా చేసి ఉంటే ఆ కొలతలూ చెప్పండి, మా పిల్లల గోలంతా దానికోసమే.